స్టూడెంట్స్‌కి ఇల్లు అద్దెకిస్తున్నారా? స్మార్ట్ లాక్ కంటే ముందు కొనాల్సినవి ఇవీ

జులై వచ్చిందంటే యూనివర్సిటీల చుట్టుపక్కల టులెట్ బోర్డుల సీజన్ మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా పక్కన తార్నాక, హబ్సిగూడ అయినా, జేఎన్‌టీయూ దగ్గర కేపీహెచ్‌బీ అయినా, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ దగ్గర మద్దిలపాలెం అయినా సీన్ ఒకటే. పైన ఒక డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్, అందులో నలుగురో ఐదుగురో స్టూడెంట్స్, కింద ఓనర్ ఫ్యామిలీ.

ఇది చదువుతున్న మీలో కొందరు ఆ పై పోర్షన్‌లో ఉండేవాళ్లు. మరికొందరు కింద ఉండే ఓనర్ గారి అబ్బాయో, అమ్మాయో. అంటే ఇంట్లో జీతం లేని ఐటీ డిపార్ట్‌మెంట్ అన్నమాట. "ఏరా, ఆ వేలిముద్రల తాళం ఎంత? పిల్లల పోర్షన్ దగ్గర కెమెరా పెట్టిద్దామా?" అని నాన్న అడిగేది మిమ్మల్నే. తార్నాకలో మా ఇంట్లో ఆ డ్యూటీ నాది. పైన రెండు పోర్షన్లు స్టూడెంట్స్‌కే ఇస్తాం. అందుకే ఈసారి ఫోన్ రివ్యూ పక్కనపెట్టి, అద్దె ఇంటికి పనికొచ్చే టెక్ గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక రూల్. అద్దె ఇంట్లో పెట్టే ఏ గ్యాడ్జెట్‌కైనా నేను పెట్టే పరీక్ష ఒక్కటే: అది చూపించే సమాచారం ఓనర్‌కీ, అద్దెకుండేవాళ్లకీ ఇద్దరికీ కనిపిస్తుందా? కనిపిస్తే గొడవలు తగ్గుతాయి. ఓనర్ ఫోన్‌లో మాత్రమే కనిపిస్తే అది నిఘా అవుతుంది, కొత్త గొడవ మొదలవుతుంది. స్పెక్స్, ధర, బ్రాండ్ అన్నీ ఆ తర్వాతే.

మొదటి కొనుగోలు: ఎవరూ అన్‌బాక్సింగ్ చేయని వస్తువు

స్టూడెంట్స్ ఉండే ఇంట్లో కరెంటు వాడకం ఫ్యామిలీ ఇంటిలా ఉండదు. ఒక్కో గదిలో ఇద్దరు ముగ్గురు, ఒక్కొక్కరికీ లాప్‌టాప్, ఫోన్, టేబుల్ ఫ్యాన్. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్స్. రాత్రి పదకొండింటికి బెడ్‌రూమ్‌లోనే ఇండక్షన్ స్టవ్ మీద మ్యాగీ. చలికాలం పొద్దున బకెట్‌లో హీటర్ రాడ్. అసలు భయపడాల్సింది ఆ రాడ్‌కే. స్విచ్ ఆపకుండా నీళ్లు వేడెక్కాయా అని వేలు పెట్టి చూస్తే ప్రాణం పోవచ్చు.

దీనికి ఉన్న రక్షణ ఆర్‌సీసీబీ. మీటర్ బోర్డులో కనిపించే ఎంసీబీలు వేరు, ఇది వేరు. ఎంసీబీ కాపాడేది వైర్లని: లోడ్ ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా పడిపోతుంది. ఆర్‌సీసీబీ కాపాడేది మనిషిని. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది ఎప్పుడూ పోల్చి చూస్తుంటుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు ఎటో, బహుశా ఒక మనిషి ఒంటి గుండా, నేలలోకి పోతోందని అర్థం. వెంటనే సప్లై కట్ చేస్తుంది. ఇంటికి కొనేటప్పుడు చూడాల్సిన రేటింగ్ 30 మిల్లీయాంపియర్లు. 100, 300 రేటింగ్‌లో కూడా దొరుకుతాయి కానీ అవి మనిషిని షాక్ నుంచి కాపాడటానికి సరిపోవు. ధర బ్రాండ్‌ను బట్టి రెండు వేల రూపాయలకు కాస్త అటూ ఇటూ. అంటే ఒక మామూలు ఇయర్‌బడ్స్ ధర.

దాని మీద "టీ" అని ఒక టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే అది పనిచేయనట్టే. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు అద్దెకుండేవాళ్లు కూడా అడిగి నొక్కించుకోవచ్చు. పాత ఇళ్లలో ఆర్‌సీసీబీ పెట్టగానే మాటిమాటికీ పడిపోతుంటుంది. వైరింగ్‌లో ఎక్కడో తేమ దిగిందో, రెండు సర్క్యూట్ల న్యూట్రల్ కలిసిపోయిందో చూడాలి. "పదే పదే పోతోంది సార్, తీసేస్తా" అని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోవద్దు. అది పడిపోతోందంటే మీకేదో చెబుతోందని అర్థం.

పక్కనే ఇంకో లెక్క. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 యాంపియర్లు లాగుతుంది. మామూలు 6 యాంపియర్ల సాకెట్‌లో ఇది పెట్టకూడదు. 16 యాంపియర్ల సాకెట్, దానికి తగ్గ మందం వైరు, విడిగా ఒక ఎంసీబీ ఉండాలి. వంటగదిలో ఇండక్షన్ కోసం కూడా ఇలాంటిదే ఒక పాయింట్ వేయిస్తే బెడ్‌రూమ్ వంటలు వాటంతటవే తగ్గుతాయి. వద్దని బోర్డు రాసిపెట్టడం కంటే ఇది బాగా పనిచేస్తుంది.

గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం అసలు రాజీ పడొద్దు. గాలి ఆడని బాత్రూమ్‌లో అది కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానానికి వెళ్లిన మనిషికి కళ్లు తిరుగుతున్నాయని తెలిసేలోపే కూలిపోతారు. గీజర్‌నీ, సిలిండర్‌నీ బాత్రూమ్ బయట పెట్టించి, లోపలికి వేడినీళ్ల పైపు ఒక్కటే ఇవ్వాలి. లేదా ఎలక్ట్రిక్‌కి మారాలి.

మీటర్: అసలు గొడవంతా ఇక్కడే

"అంకుల్, పది రోజులు మేం ఊళ్లోనే ఉన్నాం. బిల్లు ఇంతెలా వచ్చింది?" ప్రతి ఓనర్‌కీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. రెండు పోర్షన్లకీ ఒకే మీటర్ ఉంటే సమాధానం స్లాబుల్లో ఉంటుంది.

తెలంగాణలో 2022 నుంచి వస్తున్న ఇళ్ల రేట్లు చూడండి. నెలకు 101 నుంచి 200 యూనిట్ల మధ్య వాడితే మొదటి 100 యూనిట్లకి యూనిట్ రూ.3.40, తర్వాతి వాటికి రూ.4.80. వాడకం 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే లెక్క మారిపోతుంది: మొదటి 200కి రూ.5.10, 300 వరకు రూ.7.70, 400 వరకు రూ.9. ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ లాంటివి వీటికి అదనం.

ఇప్పుడు ఓనర్ ఇంట్లో 180 యూనిట్లు, స్టూడెంట్స్ 180 యూనిట్లు వాడారనుకుందాం.

- వేర్వేరు మీటర్లు ఉంటే ఒక్కొక్కరికి: 340 + 384 = రూ.724. ఇద్దరిదీ కలిపి రూ.1,448.
- ఒకే మీటర్ మీద 360 యూనిట్లు అయితే: 1,020 + 770 + 540 = రూ.2,330.

వాడకంలో ఒక్క యూనిట్ తేడా లేదు. బిల్లులో మాత్రం నెలకు రూ.882 తేడా. కాబట్టి రెండో పోర్షన్‌కి కరెంటాఫీసులో విడిగా సర్వీస్ తీసుకోవడం అన్నిటికంటే మంచి పెట్టుబడి. అది కుదరకపోతే సబ్ మీటర్ పెట్టాలి. వెయ్యి రూపాయల్లోపే దొరుకుతుంది. కాకపోతే సబ్ మీటర్ యూనిట్లు లెక్కపెడుతుంది గానీ స్లాబ్‌ని తగ్గించదు.

సబ్ మీటర్ ఉన్న చోట "యూనిట్‌కి పది రూపాయలు" అని ఫ్లాట్‌గా వసూలు చేయడం చాలా వీధుల్లో అలవాటు. పై ఉదాహరణలో స్టూడెంట్స్ 180 యూనిట్లకి రూ.1,800 కడతారు. నిజానికి సగటు రేటు 2,330 భాగం 360, అంటే యూనిట్‌కి సుమారు రూ.6.47. వాళ్ల వాటా రూ.1,165. మిగతా రూ.635 ఎవరి జేబులోకి వెళ్లిందో ఇంజనీరింగ్ చదివే పిల్లలకి తెలియదనుకోవడం కుదరదు. మొత్తం బిల్లు ఫొటో, సబ్ మీటర్ రీడింగ్ ఫొటో, ఒక చిన్న షీట్. మూడూ నెలనెలా వాట్సాప్ గ్రూప్‌లో పడేస్తే ఈ చర్చే రాదు.

ఒక చిన్న ట్రిక్ కూడా చెప్తాను. డిజిటల్ మీటర్ మీద ఎర్రగా మినుకుమినుకుమనే లైట్ ఉంటుంది. పక్కన 1600 లేదా 3200 అని రాసి ఉంటుంది. అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. స్టూడెంట్స్ పోర్షన్‌లో ఎంసీబీలన్నీ దించేసి కొన్ని నిమిషాలు ఆ లైట్ చూడండి. ఇంకా వెలుగుతుంటే మెట్ల లైటో, నీళ్ల మోటారో, వేరే ఎవరిదో లోడ్ ఆ మీటర్ మీద ఉందన్నమాట. ఇల్లు అప్పగించే రోజే ఇద్దరూ కలిసి ఈ టెస్ట్ చేసుకుంటే మంచిది.

నీళ్ల మోటార్ గురించి కూడా ఒక మాట. ట్యాంకు నిండి గోడ మీద నుంచి కారడం, లేదా ఎవరూ మోటార్ వేయక పొద్దున్నే ట్యాంకు ఖాళీ అవడం, రెండూ స్టూడెంట్స్ ఇళ్లలో మామూలే. ఆటోమేటిక్ వాటర్ లెవెల్ కంట్రోలర్ పెట్టేస్తే సరి. సంపులో నీళ్లు లేకుండా మోటార్ తిరగకుండా ఆపే రకం తీసుకోండి. దీనికి యాప్ అవసరం లేదు.

ఫ్యాన్లు: ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది

మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకి 12 గంటలు తిరిగితే నెలకు దాదాపు 65 యూనిట్ల ఆదా. నెలకు 240 యూనిట్లు వాడే పోర్షన్ 175కి దిగుతుంది. పై స్లాబుల ప్రకారం రూ.1,328 కాస్తా రూ.700 అవుతుంది. 200 గీత దాటకుండా ఆగడమే ఇక్కడ అసలు మ్యాజిక్.

మరి ఓనర్లు ఎందుకు పెట్టరు? ఫ్యాన్ ఒక్కోటి సుమారు మూడు వేలు. కొనేది ఓనర్, బిల్లు తగ్గేది స్టూడెంట్స్‌కి. ఓపెన్‌గా మాట్లాడుకుంటే ఈ ముడి విడిపోతుంది. ఫ్యాన్లు మారుస్తాం, అద్దె నెలకు రూ.200 పెంచుతాం అంటే, నెలకు రూ.600కి పైగా మిగిలేవాళ్లు ఎందుకు వద్దంటారు? ఓనర్‌కీ ఐదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. పైగా ఇన్వర్టర్ ఉంటే, పరీక్షల టైమ్‌లో కరెంటు పోయినప్పుడు అదే బ్యాటరీ మీద ఫ్యాన్లు ఇంకా ఎక్కువ సేపు తిరుగుతాయి. రిమోట్ పోగొడతారని భయముంటే, గోడ స్విచ్‌తో స్పీడ్ మార్చగలిగే మోడల్ చూసుకోండి.

వైఫై: కనెక్షన్ ఎవరి పేరు మీద?

"ఫ్రీ వైఫై" అని టులెట్ బోర్డు మీద రాస్తే ఫోన్లు బాగా వస్తాయి. కానీ కనెక్షన్ ఓనర్ పేరు మీద ఉండి, దాని మీద ఎవరైనా తప్పుడు పని చేస్తే మొదట విచారించేది ఓనర్‌నే. స్పీడ్ తగ్గినా, కేబుల్ తెగినా రాత్రి పన్నెండింటికి ఫోన్ వచ్చేది కూడా ఓనర్‌కే.

నా సలహా: ఓనర్ చేయాల్సింది గోడలోపలి పని. పైపు, హాల్ మధ్యదాకా ఒక క్యాట్-6 కేబుల్, అక్కడ ఒక ప్లగ్ పాయింట్. కనెక్షన్, రూటర్ మాత్రం స్టూడెంట్స్ పేరు మీదే ఉండాలి. మన ఇళ్లలో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని గట్టిగానే ఆపుతాయి. రూటర్ గుమ్మం పక్కన పెడితే లోపలి బెడ్‌రూమ్‌లో ఆన్‌లైన్ క్లాస్ ఆగిపోతుంది. హాల్ మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టండి. ఐదుగురుంటే పది పదిహేను డివైజ్‌లు ఖాయం కాబట్టి వైఫై 6 రూటర్ తీసుకోవడంలో అర్థముంది.

ఓనర్ వైఫైనే పంచుకోవాల్సి వస్తే గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టి, మీ ఇంటి సీసీ కెమెరాలు, టీవీ దానికి కనిపించకుండా ఐసోలేషన్ ఆన్ చేయండి. బ్యాచ్ మారిన ప్రతిసారీ పాస్‌వర్డ్, అడ్మిన్ పాస్‌వర్డ్ రెండూ మార్చండి. రూటర్ యాప్‌లో ఎవరు ఏ సైట్ చూశారో కనిపించే ఆప్షన్ ఉంటే ఆఫ్ చేయండి. ఆ అవసరం మనకి లేదు.

తాళం, కెమెరా: రూల్ గుర్తుందిగా

స్మార్ట్ లాక్ స్టూడెంట్స్ ఇంటికి నిజంగానే పనికొస్తుంది. నలుగురికి నాలుగు తాళంచెవులు, అందులో ఒకటి పోవడం, తాళం మార్చడం, ఇవేమీ ఉండవు. ఒక్కొక్కరికీ ఒక పిన్, వెళ్లిపోయిన రోజు అది డిలీట్. కొనేటప్పుడు మూడు చూడండి: మామూలు తాళంచెవి కూడా పనిచేయాలి, బ్యాటరీ అయిపోతే బయటి నుంచి యూఎస్‌బీ-సీతో పవర్ ఇచ్చే దారి ఉండాలి, ఇంటర్నెట్ లేకపోయినా తలుపు తెరుచుకోవాలి.

అసలు ప్రశ్న అడ్మిన్ అకౌంట్ ఎవరి చేతిలో ఉంది అన్నది. ఓనర్ ఫోన్‌లో ఉంటే ఏ అమ్మాయి రాత్రి ఎన్నింటికి వచ్చిందో ప్రతిరోజూ నోటిఫికేషన్ వస్తుంది. ఆ తర్వాత ఆ సమాచారం ఎక్కడికి పోతుందో మన వీధుల్లో పుట్టి పెరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అద్దె కట్టేవాళ్లకే అడ్మిన్ ఇవ్వండి. ఓనర్ దగ్గర ఒక మామూలు తాళంచెవి సీల్ చేసిన కవర్‌లో ఉంచండి, అత్యవసరానికి. ఖాళీ చేసే రోజు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

కెమెరా గేటు దగ్గర, బండ్లు పెట్టే చోట, వీధి వైపు పెట్టుకోవచ్చు. అది అక్కడ ఉందని అగ్రిమెంట్‌లోనే రాయండి, ఆడియో ఆఫ్ చేయండి. పోర్షన్ తలుపు తెరిస్తే లోపలి హాల్ కనిపించే కోణంలో మాత్రం వద్దు. ఇంటి లోపల పెట్టడమన్న ప్రశ్నే లేదు. మనిషి ప్రైవేట్ దృశ్యాలు అనుమతి లేకుండా తీస్తే ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. మహిళల విషయంలో భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కూడా వర్తిస్తుంది.

ఓనర్ తనిఖీకి రావడం కూడా ఇలాంటిదే. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం, లోపలికి వెళ్లే ముందు 24 గంటల నోటీసు ఇవ్వాలంటుంది. అది ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నా చాలు. రాష్ట్రాలు తీసుకుంటేనే అది చట్టంగా అమలవుతుంది. కానీ "రేపు సాయంత్రం ప్లంబర్‌ని తీసుకొస్తాను బాబూ" అని ఒక మెసేజ్ పెట్టడానికి చట్టం దాకా ఎందుకు?

అడ్వాన్స్: మీ ఫోన్ కెమెరాకి అసలు పని

ఖాళీ చేసే రోజు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె, విరిగిన కుళాయి పేరుతో ఇంకొంత పట్టుకోవడం అందరికీ తెలిసిన కథే. ఓనర్ వైపు నుంచి చూస్తే, గోడకి కొట్టిన మేకులు, పగిలిన వాష్ బేసిన్ కూడా నిజమే. ఇద్దరి దగ్గరా రుజువు ఉండదు, గొంతు పెద్దదైనవాళ్లు గెలుస్తారు.

ఇంగ్లండ్‌లో ఎంఎస్ చేస్తున్న మన పిల్లల్ని అడగండి. అక్కడ అలాంటి మామూలు అద్దె ఇళ్లకి ఓనర్ తీసుకున్న డిపాజిట్‌ని 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం ఉన్న స్కీమ్‌లో పెట్టాలి. ఈ స్కీమ్‌లు 2007 నుంచి ఉన్నాయి. గొడవొస్తే ఇంట్లో చేరిన రోజు తీసిన ఇన్వెంటరీ, ఫొటోలే సాక్ష్యం. మన దగ్గర ఆ స్కీమ్ లేకపోయినా ఇన్వెంటరీ తయారు చేసుకోవడానికి అడ్డేముంది?

చేరే రోజు పగటి వెలుతురులో, ఇద్దరూ ఉండగా, ఒకే వీడియో ఆపకుండా తీయండి. ప్రతి గోడ, ప్రతి కుళాయి తిప్పి, ఫ్లష్ నొక్కి, గీజర్ ఆన్ చేసి, దోమల మెష్, కిటికీ అద్దాలు, చివర్లో మీటర్ రీడింగ్. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గుతుంది, ఫొటో తీసిన తేదీ లాంటి వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇద్దరి ఈమెయిల్స్‌కీ పంపండి. వెళ్లే రోజు అదే దారిలో మళ్లీ తీయండి. పదిహేను నిమిషాల పని.

పత్రాల విషయంలో కూడా జాగ్రత్త. ఓనర్ ఐడీ అడగడం సహజమే. కానీ స్టూడెంట్స్ ఇవ్వాల్సింది మాస్క్‌డ్ ఆధార్, చివరి 4 అంకెలే కనిపించేది. యూఐడీఏఐ సైట్ నుంచి డౌన్‌లోడ్ అవుతుంది. ఓనర్ పిల్లలుగా మీరు చేయాల్సింది, నాన్న ఫోన్ గ్యాలరీలో గుడ్ మార్నింగ్ ఫొటోల మధ్య పడున్న పాత బ్యాచ్‌ల ఆధార్ కార్డులు డిలీట్ చేయడం.

ఫైనల్ వెర్డిక్ట్

బడ్జెట్ తక్కువైతే కొనే వరస ఇది:

1. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, ఎర్తింగ్ చెకప్, గీజర్‌కీ ఇండక్షన్‌కీ సరైన పాయింట్లు.
2. విడి సర్వీస్ మీటర్. కుదరకపోతే సబ్ మీటర్.
3. వాటర్ లెవెల్ కంట్రోలర్.
4. బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అద్దె గురించి ముందే మాట్లాడుకుని.
5. హాల్ దాకా క్యాట్-6 కేబుల్.
6. ఇవన్నీ అయ్యాక డబ్బులు మిగిలితే స్మార్ట్ లాక్, అడ్మిన్ స్టూడెంట్స్ చేతికే ఇచ్చి.

మొదటి మూడింటిలో ఏదీ యాప్‌తో పనిచేసేది కాదని గమనించే ఉంటారు. ఓనర్ ఇంటివాళ్లయితే ఈ లిస్ట్ నాన్నకి పంపండి. అద్దెకుండేవాళ్లయితే, ఈ సీజన్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వైఫై స్పీడ్ అడిగే ముందు మీటర్ బోర్డు మూత తెరిపించి ఆ టెస్ట్ బటన్ నొక్కించుకోండి. కరెంటు టక్కున పోయిందంటే ఆ ఇంటి ఓనర్ గురించి మీకు కొంత తెలిసినట్టే.